సీతారాండేరా మందిరానికి మేము వేసిన అంచనా

ఉక్కునగరంలో మా స్వస్థలమేదని అడిగినవారికి "సీతారాండేరా" అని చెప్పడం మాకు అలవాటు. విన్నవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. అది ఏ మండలమండీ అన్నది మొదటిది. అక్కడి రామాలయం బాగా పాతదా అన్నది రెండవది. అది జంషెడ్‌పూర్ నగరంలో సాక్చి బజారుకు చేరువగా, భాలుబాసా, అగ్రికోల సరసన ఉన్న ఒక పేట అనీ, మేము పుట్టి పెరిగినది అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో అనీ చెప్పినప్పుడు వారి ముఖాలలో కలిగే ఆశ్చర్యాన్ని చూచి ముప్పది ఏండ్లుగా ఆనందిస్తూనే ఉన్నాము.

ఆ సంఘానికి క్రొత్త మందిరం కట్టే ప్రయత్నం ఏడెనిమిది ఏండ్లుగా సాగుతున్నది. అందులో మాకు కొంత పాలున్నది. వృత్తిరీత్యా మేము సివిల్ ఇంజినీర్లము. కర్మాగారంలో యంత్రాల పునాదులు వేయించినాము, షెడ్లు లేపించినాము, కాంట్రాక్టరు బిల్లులు ఎన్నింటినో సరిచూచినాము. కాని ఈ పనిలో నేర్చుకొన్నంత మరే పనిలోనూ నేర్చుకోలేదు. ఈ వ్యాసంలో 'మేము' అన్న మాట కొన్నిచోట్ల మా ఒక్కరికే, కొన్నిచోట్ల మా దంపతులకు, చాలాచోట్ల సంఘానికంతటికీ వర్తిస్తుంది. ఎక్కడ ఏదన్నది విడదీసి వ్రాయబోయి విఫలమైనాము. పాఠకులు మన్నించాలి.

జంషెడ్‌పూర్ చరిత్ర ఉక్కు పరిశ్రమలో పనిచేసే మనకు కొంత పరిచితమే. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడింది. 1912లో సాక్చి అనే పల్లె దగ్గర తొలి ఉక్కు దిమ్మె పోతపోయబడింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అనీ, కాళీమాటి రైలు స్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు వచ్చినవి. ఇంకా కర్మాగారానికి చోటైనా నిర్ణయం కాని 1902లోనే జంషెట్జీ టాటాగారు తమ కుమారుడు దొరాబ్జీకి ఒక లేఖ వ్రాస్తూ, కట్టబోయే ఊరిలో విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు ఉండాలనీ, దేవాలయాలకూ, మసీదులకూ, చర్చిలకూ స్థలాలు ముందుగానే కేటాయించాలనీ కోరినారు. ఊరు పుట్టకముందే ఊరివారి ప్రార్థనకు చోటు చూచిన ఆ దూరదృష్టిని మా సంఘ పెద్దలు ఇప్పటికీ తలచుకొంటారు.

ఆ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాలనుండి తెలుగువారు రైలెక్కి వచ్చి కొలుముల దగ్గర, రోలింగు మిల్లులలో, క్రేనుల మీద పనికి కుదిరినారు. మా తాతగారు టెక్కలి ప్రాంతంనుండి అట్లా వచ్చినవారే. ఆ ప్రాంతంలో కెనడా బాప్టిస్టు మిషనువారు పనిచేసినారు గనుక, వచ్చినవారిలో కొందరు పెట్టెలో బట్టలతో పాటు తెలుగు బైబిలూ, పాటల పుస్తకమూ తెచ్చుకొన్నారు. మొదట క్వార్టరు వరండాలో, తరువాత ఒక రేకుల పాకలో ప్రార్థనలు జరిగినవట. 1967లో మా తండ్రిగారి తరంవారు ఇటుకలతో మందిరం కట్టినారు. కూలి ఇచ్చి కట్టించినది తక్కువ. ఏ షిఫ్టు ముగిసినవారు బి షిఫ్టు వేళ, బి షిఫ్టువారు ఉదయం వేళ వచ్చి పనిచేసినారు. మా నాన్నగారు మిల్లులో ఫిట్టరు. తాపీ పని ఆయనకు రాదు. అయినా తూర్పుగోడ చాలావరకు ఆయనే కట్టినారని మా అమ్మగారు చెప్పేవారు. గచ్చు వేసినప్పుడు మాత్రం మేమూ ఉన్నాము. ఆరేడేండ్ల వయస్సులో, చిన్న డబ్బాతో నీళ్ళు మోసి గచ్చు తడపడమే మా మొదటి సివిల్ ఇంజినీరింగు.

2017 క్రిస్మస్ సెలవులకు వెళ్ళినప్పుడు సంఘ కార్యదర్శిగారు ఆరాధన ముగియగానే మమ్మల్ని ప్రక్కకు పిలిచి తూర్పుగోడ చూపించినారు. కిటికీ మూలనుండి నేలవైపు ఏటవాలుగా ఒక చీలిక దిగింది. సున్నం వేసి కప్పినారు. సున్నం కూడా చీలింది. ఇట్టి చీలికను చూడగానే తీర్పు చెప్పకూడదు. చీలిక పాతదై ఆగిపోయినదా, ఇంకా నడుస్తున్నదా అన్నది ముందు తెలియాలి. అందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. పలుచని గాజు ముక్కను చీలికకు అడ్డంగా సిమెంటుతో అతికించి, తేదీ వ్రాసి వదిలిపెడితే చాలు. గోడ కదిలితే గాజు పగులుతుంది. మూడుచోట్ల అతికించి వచ్చినాము. 2018 వానలు వెళ్ళేసరికి మూడూ పగిలినవని కార్యదర్శిగారు ఫోను చేసినారు.

దసరా సెలవులలో వెళ్ళి గోడ ప్రక్కన గొయ్యి త్రవ్వించినాము. పునాది అడుగున్నర లోతు కూడా లేదు. ప్రక్కనున్న మురుగుకాలువ నీరు ఏండ్ల తరబడి ఇంకి మట్టిని మెత్తబరచింది. గోడ ఒకవైపు కుంగుతున్నది. మరమ్మతు చేయవచ్చునా అని పెద్దలు అడిగినారు. చేయవచ్చును. కాని పునాది క్రింద క్రింద ముక్కలు ముక్కలుగా త్రవ్వి కాంక్రీటు నింపే ఆ పనికి అయ్యే ఖర్చు, ఆ పాత రేకుల కప్పు ఎన్నాళ్ళు నిలుస్తుందో చూచుకొంటే, దండుగ. నివేదికలో "మందిరం నివాసయోగ్యం కాదు, కూల్చవలసినది" అని వ్రాసి సంతకం చేసినాము. కర్మాగారంలో ఇట్టి నివేదికలు ఎన్నో వ్రాసినాము. దీనిని వ్రాయడానికి మూడు రాత్రులు పట్టింది. నాన్నగారు 2009లో పోయినారు. అమ్మగారు మాత్రం ఉన్నారు, ఎనుబదికి దగ్గరలో. ఆమెకు చెప్పక తప్పలేదు. ఆమె వాదించలేదు, ఏడ్వనూ లేదు. "మీ నాన్న తూకం గుండు ఏసుకొని కట్టీవోరు నాయనా, గోడ ఎందుకు ఒరిగిందో సరీగా సూసావా?" అని మాత్రం అడిగినారు. చూచినామని చెప్పినాము.

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. క్రొత్త మందిరానికి నమూనా వేయమని సంఘం కోరినప్పుడు మా మనస్సులో మెదకు చర్చి మెదలినది. విద్యార్థి దశలో ఒకసారి చూచినాము. చార్లెస్ పాస్నెట్‌గారు 1914లో మొదలుపెట్టించగా పదేండ్లకు పూర్తయి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాకట్టడమది. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. కరవు రోజులలో ఆకలితో ఉన్నవారికి పనీ అన్నమూ దొరకాలని ఆ నిర్మాణం సాగించినారన్నది అందరూ చెప్పుకొనేదే. మేము కరవునూ అన్నాన్నీ మరచి గోపురాన్ని జ్ఞాపకం పెట్టుకొన్నాము. 60 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు, మధ్య స్తంభం లేని హాలు, వెనుక బాల్కనీ, ముందు 45 అడుగుల గోపురం. కంప్యూటరు మీద రంగులు వేయించిన చిత్రాన్ని పట్టుకొని 2019 ఈస్టరు మరునాడు సంఘ సమావేశానికి వెళ్ళినాము. అంచనా 71 లక్షలు.

చిత్రం చేతినుండి చేతికి తిరిగింది. పిల్లలు బాగున్నదన్నారు. పెద్దలు మాట్లాడలేదు. కడపటి బల్లమీద మా నాన్నగారి స్నేహితులు, మేము పెదనాన్న అని పిలిచేవారు, కూర్చున్నారు. ముప్పది మూడేండ్లు ఓవర్‌హెడ్ క్రేను నడిపిన మనిషి. కండ్లజోడు సర్దుకొని చిత్రం చూచి అడిగినారు.

"బాబూ, క్రేను మీద టన్నులు రాసుంతాయి. అవి సూసుకొనే కొక్కెం తగిలించీవోళ్ళం. నువ్వు బరువెంతో రాసేవు, బాగుంది. మన క్రేను ఎన్ని టన్నులదో సూసేవా?"

సమావేశమంతా నవ్వినారు. మేమూ నవ్వినాము. కాని చిత్రాన్ని మడిచి సంచిలో పెట్టుకొన్నాము. మట్టి ఎంత భారం మోస్తుందో పరీక్ష చేయించిన మేము సంఘం ఎంత భారం మోస్తుందో ఒకసారైనా లెక్కవేయలేదు.

ఆ వారమంతా కోశాధికారిగారితో కూర్చొని ఆ లెక్క వేసినాము. మా చిన్నతనంలో నూట నలుబది కుటుంబాలుండేవి. ఇప్పుడు 84. 1990ల తరువాత కర్మాగారంలో ఉద్యోగాల సంఖ్య తగ్గుతూ వచ్చింది. పిల్లలు హైదరాబాదుకు, బెంగుళూరుకు, మావలె విశాఖపట్నానికి చేరినారు. మిగిలినవారిలో సగానికి పైగా విశ్రాంత కార్మికులు. వారికి వచ్చేది 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం క్రింద కొద్ది మొత్తం. ఆ పథకంలో కనీస పింఛను 2014లో నిర్ణయించిన ప్రకారం నెలకు 1,000 రూపాయలన్న సంగతి మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చును. బ్యాంకు అప్పు తీసికొందామంటే నేల కౌలుది. తాకట్టు పెట్టడానికి సంఘం పేర పట్టా లేదు. కాబట్టి ఎంత వచ్చినా మనుష్యుల చేతినుండే రావాలి.

మూడేండ్ల కాలానికి వాగ్దాన పత్రాలు పంచినాము. పేరు, నెలకు ఎంత, ఎన్ని నెలలు అన్న మూడే గడులు. పత్రాలు తిరిగి వచ్చినప్పుడు మొత్తం 23 లక్షల చిల్లర తేలింది. అంతకు ముందున్న భవన నిధి నాలుగున్నర లక్షలు. మన క్రేను టన్నులు అవి. ఆ పత్రాలలో నెలకు 5,000 వ్రాసినవారున్నారు, 50 వ్రాసినవారున్నారు. ఒక పత్రంలో అంకె లేదు. "నెలకు రెండు రోజుల పని" అని వ్రాసి వేలిముద్ర ఉన్నది. కోశాధికారిగారు దానిని ఏ పద్దులో వేయాలని తికమకపడినారు. మేము కూలి రేటు కట్టి జమవేయమన్నాము. ఆయన అట్లా వేయలేదు. వేరే పుట తెరచి రోజులుగానే వ్రాసినారు. ఆయనదే సరియైన పద్ధతి.

స్త్రీల సమాజంవారు పిడికెడు బియ్యం ఆచారాన్ని మళ్ళీ మొదలుపెట్టినారు. తెలుగు సంఘాలలో అది పాత ఆచారమే. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి, ఆదివారం మందిరానికి తెస్తారు. వాటిని అమ్మగా వచ్చిన సొమ్ము నిధికి చేరుతుంది. మా శ్రీమతి విశాఖలో అదే పని ప్రారంభించి, నెలాఖరున బియ్యం తూచి, ధర కట్టి, సొమ్ము పంపేది. ఇద్దరి వంటలో పిడికెడు తీస్తే మా పళ్ళెంలో తగ్గేదేమీ లేదు. కాని ప్రతిపూటా ఆ కుండ మూత చప్పుడు వినబడేది.

కోత పండుగనాటి వేలంపాట సంగతి కూడా చెప్పాలి. పొలాలు లేని ఊరిలో కోత పండుగ ఏమిటని అడగవద్దు. పెరటి గుమ్మడికాయ, బజారులో కొన్న అరటిగెల, ఇంట్లో చేసిన అరిసెలు అన్నీ బల్లమీదికి వస్తాయి. పాడుకొన్నవారు సొమ్ము చెల్లించి వస్తువును తిరిగి సంఘానికే ఇస్తారు, మళ్ళీ పాట మొదలవుతుంది. 2019 నవంబరులో ఒక గుమ్మడికాయ పదకొండుసార్లు అమ్ముడుపోయి 8,700 రూపాయలు తెచ్చింది. పన్నెండోసారి పాడుకొన్న మేము దానిని తిరిగి ఇవ్వబోగా "ఇంక సాలు, కాయ నలిగిపోతంది, ఇంటికి అట్టుకెళ్ళండి" అని స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఆజ్ఞాపించినారు.

రెండవ నమూనాలో గోపురం లేదు, బాల్కనీ లేదు. హాలు 50 అడుగులు, 30 అడుగులు. కాంక్రీటు శ్లాబు బదులు ఉక్కు ట్రస్సుల మీద రేకుల కప్పు. రేకులనగానే పెద్దలు మూతి విరిచినారు. పాత మందిరంలో జోరువాన కురిస్తే ప్రసంగం ఒక్క ముక్క వినబడేది కాదు. పాస్టరు అయ్యగారు ఆపి పాట ఎత్తుకొనేవారు. వాన వెలిసేదాకా చరణాలు తిప్పి తిప్పి పాడేవారము. రెండు రేకుల నడుమ దూది పొర ఉన్న కప్పు వేస్తే ఆ చప్పుడు బాగా తగ్గుతుందని చెప్పి ఒప్పించినాము. అంచనా 34 లక్షలు. లోటు ఆరున్నర లక్షలు. అది పూడుతుందని నమ్మినాము.

2020 మార్చి 25న దేశమంతా మూతపడింది. మందిరం తలుపు నెలల తరబడి తెరవలేదు. పళ్ళెం తిరగని ఆదివారాలు. వాగ్దానాలు చేసినవారిలో నలుగురు ఆ రెండేండ్లలో పోయినారు. వారి పత్రాలను ఏమి చేయాలన్న ప్రశ్న వచ్చింది. కొట్టివేయాలని సంఘం తీర్మానించింది. రెండు కుటుంబాలవారు కొట్టివేయవద్దన్నారు.

ఇంతలో ఉక్కు ధర పెరిగింది. 2021లో ఊచల ధర ఎట్లా ఎగబ్రాకిందో మన పాఠకులకు చెప్పనవసరం లేదు. మన కర్మాగారం నష్టాల తరువాత మళ్ళీ లాభం చూచిన కాలమది. ఉదయం ఆఫీసులో ధరల పట్టిక చూచి సంతోషించి, సాయంత్రం ఇంటికి వచ్చి అదే పట్టికతో మందిరం అంచనా సవరించుకొని నిట్టూర్చేవారము. ఒకే ధర గురించి ఒకే రోజున ఒకే మనిషి ఇట్లా రెండు విధాలుగా ప్రార్థించడం దేవునికి కూడా ఇబ్బందే అయి ఉంటుంది. అదీగాక మా అంచనాలో ఒక లోపం బయటపడింది. సిమెంటు మీద అప్పట్లో ఉన్న 28 శాతం జి.ఎస్.టి.ని పాత ధరలమీద వేసి ఊరుకొన్నాము, రవాణా మీద పన్ను వేయనే లేదు. కర్మాగారంలో మా క్రిందివారు ఇట్లా చేసివుంటే కాగితం తిప్పి పంపేవారము. 34 లక్షలు 41 అయినవి.

లోటు పదమూడున్నర లక్షలుగా నిలిచిన ఆ సమయంలోనే పెదనాన్నగారి కుమారుడు అమెరికానుండి ఫోను చేసినాడు. మాతో పాటు ఆదివారపు బడిలో కూర్చున్నవాడు. పన్నెండు లక్షలు పంపుతానన్నాడు. ఆ ఆదివారం మందిరంలో చప్పట్లు కొట్టినారు. తరువాత కోశాధికారిగారు చట్టం చదివి వచ్చినారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, విదేశంలో ఉన్నా భారత పౌరసత్వం గలవాడు బ్యాంకు ద్వారా తన సంపాదననుండి పంపినది విదేశీ విరాళం క్రిందికి రాదు. దుబాయిలో ఉన్న మా సంఘ యువకులిద్దరు పంపినది అట్లా తీసికొన్నాము. కాని ఇతడు అమెరికా పౌరుడై పదేండ్లయింది. ఆ చట్టం క్రింద నమోదు లేని మా సంఘం అతని సొమ్ములో ఒక్క రూపాయి ముట్టరాదు.

ఒక ఉపాయం చెప్పినవారున్నారు. కొడుకు తండ్రికి పంపుకొనవచ్చును గదా, తండ్రి తన పేర సంఘానికి ఇస్తే సరిపోతుంది గదా అని. నిజం చెప్పాలంటే ఆ మాట మాకు మొదట రుచించింది. పన్నెండు లక్షలు. ఏటేటా నిఘా చైతన్య వారోత్సవంలో చేయి చాచి ప్రతిజ్ఞ చేసే మేము, ఆ సాయంత్రం "ఇందులో తప్పేమున్నది?" అని రెండుసార్లు అనుకొన్నాము. అందరూ మావైపు చూచినారు. మేము పెదనాన్నగారివైపు చూచినాము.

ఆయన చాలాసేపు నేలవైపు చూస్తూ కూర్చున్నారు. "నా కొడుకు డబ్బు మన గుడికి పనికి రాదన్నమాట" అన్నారు. తరువాత, "నా పుస్తకంలో పడితే అది నా డబ్బే అని నాను సంతకం ఎట్టాలి. నాకొచ్చీ పింఛను రెండువేల సిల్లర. దేవుడి గుడికి అబద్ధం సంతకం ఎట్టమంతారేటి?" అన్నారు. ఎవ్వరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తన వాగ్దాన పత్రంలో ఉన్న 200 రూపాయలను ఆయన 300 చేసినారు. కొడుకు ఆ సంవత్సరం వచ్చి, నెలరోజులు తండ్రి దగ్గర ఉండి, పాత మందిరంలోని బల్లలన్నింటికీ తన చేతులతో రంగు వేసి వెళ్ళినాడు.

లోటు పూడ్చడానికి పనిని దశలుగా విడదీయడమొక్కటే మార్గమయింది. సొమ్మున్నంతవరకు కట్టడం, ఆగడం, మళ్ళీ కట్టడం. కాంట్రాక్టరుకు ఇది నచ్చదు. ఇంజినీరుకు అసలే నచ్చదు. ఆ రోజులలో మాకు మెదకు కంటె దోర్నకల్ ఎక్కువ జ్ఞాపకం వచ్చేది. 1912లో భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తలపెట్టిన ఆ కథీడ్రలు ప్రతిష్ఠ 1939 జనవరి 6న గాని జరగలేదు. దాదాపు పాతికేండ్లు. ఈ దేశపు దేవాలయాల స్తంభాలూ, మసీదుల గుమ్మటాలూ కలిసివచ్చేటట్లు కట్టిన ఆ మందిరాన్ని చూచినవారు దాని అందాన్నే మెచ్చుకొంటారు. మాకు మాత్రం ఇప్పుడు దాని ఆలస్యం మీద గౌరవం కలిగింది. బీద పల్లె సంఘాలు కూడా ఇవ్వడం నేర్చుకోవాలని జీవితమంతా బోధించి, ఆ విషయంపై ఒక పుస్తకమే వ్రాసినవారు అజరయ్యగారు.

మా సంఘంలో పదునైన వివాదం సొమ్ము మీద కాదు, భాష మీద వచ్చింది. ముప్పది ఏండ్లలోపు వారిలో తెలుగు మాట్లాడగలవారు చాలామంది, చదవగలవారు బహు కొద్దిమంది. పాటలను నాగరి లిపిలో వ్రాసుకొని పాడుతారు. ఒక యువకుడు లేచి, హిందీ కలిసిన తెలుగులో, "అంకుల్, పదేండ్ల తరువాత ఈ హాలులో తెలుగు ఆరాధనకు ఎంతమంది వస్తారు? మీరు మీకోసం కడుతున్నారా, మాకోసమా?" అని అడిగినాడు. పెద్దలకు కోపం వచ్చింది. మాకూ వచ్చింది. మా ఇద్దరు పిల్లలూ బెంగుళూరులో ఇంగ్లీషు ఆరాధనకు వెళ్ళే సంగతి అప్పుడే జ్ఞాపకం వచ్చి ఊరుకొన్నాము.

ఆ ప్రశ్నే నమూనాలోకి కూడా వచ్చింది. మొదట మేము పునాదులను మీద మరొక అంతస్తు వేసుకొనడానికి తగినంత బలంగా రూపొందించినాము. ఖర్చు తగ్గించేటప్పుడు దానిని తీసివేసినాము. 140 కుటుంబాలు 84 అయినచోట పై అంతస్తు ఎవరికోసం? దానివలన 2 లక్షల 80 వేలు మిగులుతుంది. లెక్క ప్రకారం అది సరియైన నిర్ణయమే. సమావేశంలో ఆ మాట చదివినప్పుడు అభ్యంతరం చెప్పినది పెద్దలు కారు, ఆ యువకుడూ అతని స్నేహితులూ. పునాది తరువాత లావు చేయవచ్చునా అని అడిగినారు. చేయలేమన్నాము. స్తంభానికి తరువాత ఊచలు జోడించవచ్చునేమో గాని, మట్టిలో పూడిన పునాది వెడల్పు తరువాత పెంచడం మాటలు కాదు. అయితే ఆ 2 లక్షల 80 వేలు తాము తెస్తామన్నారు. పై అంతస్తులో ఏ భాషలో ఆరాధన జరుగుతుందో తరువాత చూచుకొందామన్నారు.

రెండు క్రిస్మస్‌లు వారు ఇంటింటికి తిరిగి పాటలు పాడినారు. ట్యూషన్లు చెప్పినారు. ఇద్దరు సెలవులలో సరకులు ఇళ్ళకు చేర్చే పనికి కుదిరినారు. సొమ్ము 2 లక్షల 91 వేలు వచ్చింది. మిగిలిన 11 వేలకు మైకు కొంటామన్నారు. కోశాధికారిగారు ఒప్పుకోలేదు. ఆ వివాదం ఇప్పటికీ ఉన్నది.

2022 నవంబరులో పాత మందిరం కూల్చినారు. మేము సెలవు పెట్టి వెళ్ళినాము. రేకులు, దూలాలు ఒక్క పూటలో దిగినవి. మూడు గోడలు మధ్యాహ్నానికి పడినవి. తూర్పుగోడ పడలేదు. సమ్మెట దెబ్బకు ఇటుక పగులుతున్నది గాని అతుకు ఊడడం లేదు. కూలివాళ్ళ మేస్త్రి చెమట తుడుచుకొంటూ, ఈ గోడ పడిపోతుందని చెప్పిన ఇంజినీరు ఎవరని హిందీలో అడిగినాడు. కార్యదర్శిగారు మా వైపు చూడకుండా ఉండడానికి ఎంతో ప్రయత్నించినారు.

వంగి చూచినాము. సున్నమూ ఇటుకపొడీ బాగా నానబెట్టి కలిపిన అతుకు. ఇటుకలు వరుస తప్పలేదు. చీలిక ఉన్నచోట తప్ప గోడ గోడగా చెక్కుచెదరలేదు. మా నివేదికలో తప్పు లేదు. క్రింది మట్టి దిగిపోతే ఎంత మంచి గోడైనా దానితో దిగవలసినదే. అయినా ఆ నివేదికలో పునాదిని గురించి, కాలువను గురించి, చీలికను గురించి ఒక పుట వ్రాసిన మేము, గోడపని బాగున్నదని ఒక్క వాక్యమైనా వ్రాయలేదు. తూర్పుగోడ పడేసరికి మరునాటి సాయంత్రమయింది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మగారు మంచంమీద కూర్చొని ఉన్నారు. "పడిందా?" అన్నారు. పడిందన్నాము. "గోడ మంచిదేనా?" అన్నారు. మంచిదే, రెండు రోజులు పట్టిందన్నాము. ఆమె తల ఊపి, కాళ్ళు కడుక్కొని రండి, అన్నం చల్లారిపోతున్నదన్నారు.

స్త్రీలు, ఆదివారపు బడి పిల్లలు వారం రోజులపాటు ఆ ఇటుకలను గీకి, చెక్కలను వేరు చేసి, బాగున్నవాటిని పేర్చినారు. విరిగినవి క్రొత్త గచ్చు క్రింద పరుపుగా వేసినాము. బాగున్నవి ప్రహరీకి వాడినాము. 2023లో పునాదులు లేచినవి. ఈసారి కాలువ వైపు లోతు ఆరడుగులు. స్లాగు సిమెంటు వాడినాము గనుక తొలి రోజులలో గట్టిదనం నెమ్మదిగా వస్తుంది, తడపడం రెండు వారాలకు తగ్గకూడదని గట్టిగా చెప్పి వచ్చినాము. "నెలకు రెండు రోజుల పని" అని వ్రాసిన మనిషి ఆ రెండు వారాలూ ప్రతి ఉదయం వచ్చి నీళ్ళు పట్టినాడట. కోశాధికారిగారు ఆ పుటలో 14 రోజులు ఒకేసారి జమ చేసి, 2023 జూలైవరకు వాగ్దానం తీరిపోయిందని అతనికి చెప్పినారు. అతడు వినలేదు.

2024లో ప్లింతు బీములు, స్తంభాలు పూర్తయినవి. స్తంభాల తలలపైన ఊచలను పై అంతస్తుకోసం మూడడుగులు వదిలి, తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి, ప్లాస్టిక్ గొట్టాలు తొడిగినాము. గోడలు 2025లో కిటికీల మట్టం దాటినవి. ఆరాధన ప్రక్కనే వేసిన తాత్కాలికపు రేకుల పందిరిలో జరుగుతున్నది. వాన వస్తే ప్రసంగం వినబడదు. అయ్యగారు ఆపి పాట ఎత్తుకొంటారు.

ఇటీవల కోశాధికారిగారినుండి ఉత్తరం వచ్చింది. ఇప్పటికీ ఆయన ఉత్తరాలే వ్రాస్తారు. నిధిలో ఉన్నది ట్రస్సులకు సరిపోతుంది, రేకులకు చాలదు. బియ్యం సొమ్ము క్రిందటి నెల 1,140 రూపాయలు. పెదనాన్నగారు మోకాళ్ళ నొప్పితో రాలేకపోయినా కానుక మనుమరాలితో పంపినారు. ట్రస్సులు ఇప్పుడే చేయించి ఎత్తి ఉంచవచ్చునా, లేక రేకుల సొమ్ము కూడినదాకా ఆగడం మంచిదా, ఇంజినీరు బాబు సలహా ఏమిటి అని అడిగినారు.

కప్పు లేకుండా ట్రస్సులు వానకు వదలడం మంచి పద్ధతి కాదు. ఊచల ధర ఈ మధ్య కొంత దిగింది గాని మళ్ళీ ఎప్పుడు పెరుగుతుందో చెప్పలేము. ధరల పట్టిక ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాము. ఉక్కు ఇప్పుడే కొని, రెండు పూతలు ప్రైమరు వేయించి, పందిరి క్రింద దిమ్మెలమీద పేర్చి ఉంచండి, ఎత్తే రోజుకు మేము వస్తాము అని జాబు వ్రాసినాము. పెదనాన్నగారిని ఆ రోజు కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఏ ట్రస్సు ఎంత బరువో ముందుగానే వ్రాయించి ఉంచుతామని చెప్పండి అని క్రింద చేర్చినాము.